పసివారికి తోటే బడి: పాట్రిక్ గెడ్డీసు జీవితకథ

పల్లెలో పుట్టిన బిడ్డకు ప్రకృతిని చూపించడానికి వేరే ఏర్పాటు అక్కరలేదు. వాకిట వేపచెట్టు, దొడ్లో ఆనపపాదు, ఊరిబయట చెరువు, గట్టున తుమ్మచెట్లు, వాటిపైన గిజిగాడి గూళ్ళు, ఇవన్నీ అడగకుండానే గురువులై నిలుస్తవి. పట్టణంలో పుట్టిన బిడ్డ అదృష్టం అట్లా లేదు. మూడవ అంతస్తు వసారాలోనుంచి చూస్తే వానికి కనబడేది ఎదుటి మేడ వసారాయే. వాని పాదానికి మన్ను తగలాలన్నా, వాని కంటికి సీతాకోకచిలుక కనబడాలన్నా మిగిలినది ఒక్కటే చోటు, నలుగురికీ చెందిన ఉద్యానవనం. ఆ ఉద్యానవనమైనా వానికి నిజంగా చెందుతున్నదా, లేదా అన్న ప్రశ్న నేడు మన నగరాలన్నిటికీ వర్తిస్తుంది.

సికింద్రాబాదుకు ఈశాన్యాన ఉన్న ఏ.ఎస్. రావు నగరునే ఉదాహరణగా తీసుకొందాం. అది ఒక శాస్త్రవేత్త పేరు ధరించిన నివాసస్థలం. 1967లో హైదరాబాదులో వెలసిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషనుకు ప్రాణప్రతిష్ఠ చేసిన అయ్యగారి సాంబశివరావుగారి స్మృతి ఆ పేరులో నిలిచి ఉన్నది. ఆ సంస్థ ఉద్యోగుల వసతికోసం మొదలైన కాలనీ క్రమంగా అంగళ్ళతో, మేడలతో నిండి నగరంలో కలిసిపోయింది. ఇండ్ల వరుసల నడుమ మిగిలిన పార్కులే అక్కడి పసివారికి పంటపొలాలు, అడవులు, కొండలు. ఆ కాలనీకి కొద్ది మైళ్ళ దక్షిణాన, అడిక్‌మెట్ ఎత్తుమీద, ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్నది. విశ్వవిద్యాలయానికి తగిన స్థలం ఏదో నిర్ణయించడానికి నిజాం ప్రభుత్వం నూరేండ్ల క్రిందట ఒక స్కాట్లండు పండితుణ్ణి పిలిపించినది. హైదరాబాదు చుట్టూ ఉన్న స్థలాలను పరిశీలించి 1923లో ఆయన తన నివేదిక సమర్పించినాడు. ఆ పండితుని పేరు పాట్రిక్ గెడ్డీసు. పట్టణాల నిర్మాణం తెలిసినవాడుగా ఆయనను లోకం ఎరుగును. కాని చిన్న బిడ్డకు తోటను మించిన బడి లేదని జీవితమంతా నమ్మి, ఆ నమ్మకంకోసం డబ్బూ, సుఖమూ, కీర్తీ పోగొట్టుకొన్నవాడుగా ఆయనను ఎరిగినవారు తక్కువ. ఆ కథ మనకు పనికివచ్చే కథ.

గెడ్డీసు 1854 అక్టోబరు 2వ తేదీన స్కాట్లండులోని బాలటరు అనే గ్రామంలో పుట్టినాడు. తరువాత పదునైదేండ్లకు అదే తేదీన మన దేశంలో మహాత్ముడు జన్మించినాడు. గెడ్డీసు తండ్రి అలెగ్జాండరు పటాలంలో పనిచేసిన సైనికుడు, నిష్ఠాపరుడు, దైవభక్తుడు. పాట్రిక్కుకు మూడేండ్ల వయసులో కుటుంబం పెర్తు పట్టణం చెంతకు తరలివచ్చి, కిన్నూల్ కొండ ప్రక్కన ఒక చిన్న ఇల్లు తీసుకొన్నది. ఇల్లు చిన్నదే కాని తోట ఉన్నది. కుటుంబంలో పాట్రిక్కు కడగొట్టువాడు. తండ్రి కొడుకు చేయి పట్టుకొని ఆ తోటలో త్రవ్వినాడు, నాటినాడు, పాదులు చేసినాడు. కొడుకుకు చదువు వచ్చిన తరువాత తోట చూపించలేదు. తోట చూపిస్తూనే చదువు నేర్పినాడు. ఈ వరుస ముఖ్యమైనది. గెడ్డీసు విద్యాసిద్ధాంతమంతా ఈ వరుసలోనే ఉన్నది.

కిన్నూల్ కొండ ఎక్కితే క్రింద టే నది లోయ అంతా కనబడుతుంది. దూరాన కొండలు, వాటి వాలున అడవి, అడవి దిగువన గొర్రెల బీళ్ళు, ఆ తరువాత పొలాలు, ఏటి ఒడ్డున పట్టణం, ఏరు పోయి కలిసే సముద్రం వైపు పడవలు. బాలుడు ఈ దృశ్యాన్ని వందలసార్లు చూసి ఉంటాడు. పెద్దవాడైన తరువాత లోయ నమూనా అనే పేరుతో ఆయన లోకానికి ఇచ్చిన ప్రసిద్ధమైన చిత్రం ఇదే. కొండమీద గనిపనివాడు, అడవిలో కట్టెలు కొట్టేవాడు, వేటగాడు, బీటిలో గొర్రెలకాపరి, పొలంలో రైతు, తోటలో తోటమాలి, తీరాన బెస్తవాడు. నేల స్వభావాన్నిబట్టి పని, పనినిబట్టి మనిషి, మనుషులనుబట్టి ఊరు పుట్టుకొని వస్తవని ఆయన బోధించినాడు. సామాజికశాస్త్రమంతా ఒక పసివాడు కొండమీద నిలుచుండి చూడదగినంత సరళంగా చెప్పడం ఆయన ప్రత్యేకత.

బడిచదువు ముగిసిన తరువాత తండ్రి కోరికమీద ఏడాదిన్నర కాలం బ్యాంకులో ఉద్యోగం చేసి, చక్కగానే పనిచేశాడనిపించుకొని, ఆ దారి తనది కాదని చెప్పి బయటకు వచ్చినాడు. వృక్షశాస్త్రం చదవాలని ఎడింబరో విశ్వవిద్యాలయంలో చేరినాడు. అక్కడ బ్రతికి ఉన్న మొక్కకన్న ఎండబెట్టి కాగితానికి అంటించిన మొక్కకే గౌరవం ఎక్కువగా ఉన్నది. తోటలో పెరిగినవాడికి అది రుచించలేదు. ఒక వారం తిరిగేసరికి విశ్వవిద్యాలయాన్ని వదలిపెట్టి లండను వెళ్ళి, డార్విను సిద్ధాంతానికి వీరాభిమాని అయిన థామస్ హక్స్‌లీ వద్ద శిష్యుడుగా చేరినాడు. లండనులోనే బర్డన్ శాండర్సన్ ప్రయోగశాలలో ఒకనాడు డార్వినును కండ్లారా చూడగలిగినాడు. అక్కడినుంచి ఫ్రాన్సు వెళ్ళి సముద్రతీర పరిశోధనశాలలో పనిచేసినాడు.

జీవితం ఇట్లా సాగిపోతే ఆయన సూక్ష్మదర్శినితో పనిచేసే మరియొక జీవశాస్త్రజ్ఞుడుగా మిగిలిపోయేవాడు. 1879లో జీవజాతులను, శిలాజాలను సేకరించడానికి మెక్సికో వెళ్ళినప్పుడు ఆయన చూపు పోయింది. కండ్లకు కట్టు కట్టి వారాల తరబడి చీకటిగదిలో ఉంచినారు. ఇరువదియైదేండ్ల యువకునికి, అందులోను చూడడమే వృత్తిగా ఎన్నుకొన్నవానికి, ఇంతకన్న పెద్ద దెబ్బ ఏమి ఉంటుంది? ఆ చీకటిలో ఆయన కిటికీ అద్దాల చట్రాలను వ్రేళ్ళతో తడిమి, ఆ గడులలో తన ఆలోచనలను అమర్చుకొనడం నేర్చుకొన్నాడు. తరువాత కాగితాన్ని మడతలుపెట్టి, ఒక్కొక్క గడిలో ఒక్కొక్క భావం వ్రాసుకొని ఆలోచించే పద్ధతి అప్పుడు పుట్టినదే. చూపు తిరిగి వచ్చింది కాని సూక్ష్మదర్శినితో దీర్ఘకాలం పనిచేసే శక్తి రాలేదు. అణువంతటి జీవిని చూడవలసిన కన్ను మనిషిని, మనిషి ఊరిని చూడడానికి మళ్ళింది. చేతితో తడిమి తెలుసుకొన్నది మరువబడదని ఆయన స్వానుభవంవల్ల గ్రహించినాడు. పసిపిల్లల చేతులకు ఆయన ఇచ్చిన గౌరవానికి ఇది ఒక కారణమని తలచవచ్చు.

1886లో గెడ్డీసు లివర్‌పూలు వర్తకుని కుమార్తె అన్నా మోర్టన్‌ను వివాహమాడినాడు. ఆమె సంగీతం నేర్చిన విదుషీమణి, సేవాశీలురాలు. నవదంపతులు మంచి పేటలో కాపురం పెట్టవచ్చును. అట్లా చేయక, మరుసటి ఏడు ఎడింబరో పాతబస్తీలోని జేమ్సు కోర్టు అనే ఇరుకు లోగిలికి వెళ్ళి కాపురమున్నారు. ఒకప్పుడు ప్రభువులు నివసించిన ఆ మేడలు నాటికి పేదల గుంపులతో, మురికితో, రోగాలతో నిండి ఉండినవి. గెడ్డీసు అక్కడ ఉపన్యాసాలు ఇవ్వలేదు. చీపురు పట్టుకొన్నాడు, గోడలకు సున్నం వేసినాడు, కిటికీలలో పూలమొక్కల పెట్టెలు పెట్టినాడు. ఇరుగుపొరుగువారు మొదట వింతగా చూసి, తరువాత తామూ చీపుళ్ళు పట్టినారు.

1888లో డండీ కళాశాలలో వృక్షశాస్త్రాచార్య పదవి లభించింది. ఆ పదవిలో ఒక సౌకర్యం ఉన్నది. ఏడాదిలో వేసవి మూడునెలలు పాఠాలు చెబితే చాలును. మిగిలిన తొమ్మిది నెలలు ఆయనవే. ఆ తొమ్మిది నెలలలో ఆయన చేసిన పనులే ఆయనకు చరిత్రలో చోటు ఇచ్చినవి. 1892లో ఎడింబరో కోట సమీపాన ఒక ఎత్తైన భవనాన్ని తీసుకొని దానిని దర్శనగోపురంగా మార్చినాడు. మీది అంతస్తులో చీకటిగదిలో అద్దాలద్వారా నగరమంతా బల్లమీద కదిలే చిత్రంగా కనబడుతుంది. ఒక్కొక్క అంతస్తు దిగివస్తుంటే మొదట ఎడింబరో, తరువాత స్కాట్లండు, తరువాత ఐరోపా, చివరకు ప్రపంచం. తన వీధిని చూడనివానికి ప్రపంచం అర్థం కాదని ఆ గోపురం బోధిస్తుంది. ఆ చీకటిగది నేటికీ అక్కడ ఉన్నది, వేలమంది చూసిపోతున్నారు.

ఆ దంపతులకు నోరా, అలాస్డేరు, ఆర్థరు అని ముగ్గురు బిడ్డలు. వారిని చిన్ననాడు బడికి పంపలేదు. తోటలో పని, కొండమీద నడక, తల్లివద్ద సంగీతం, వచ్చిపోయే పండితుల సంభాషణ, ఇవే వారి పాఠాలు. విద్యకు హృదయం, హస్తం, శిరస్సు అనే మూడు మెట్లు ఉన్నవని, వాటిని ఈ వరుసలోనే ఎక్కాలని తండ్రి నమ్మకం. ముందు బిడ్డ ఒక వస్తువును ప్రేమించాలి. తరువాత దానిని చేతితో తాకి ఏదైనా చేయాలి. ఆ తరువాత దానినిగురించి తెలుసుకోవాలి. నాటి బడులు ఈ వరుసను తలక్రిందులు చేసి, తలతో మొదలుపెట్టి తలతోనే ముగించేవి. నేటి బడులను గురించి పాఠకులే నిర్ణయించుకోవచ్చు.

ఇక్కడ ఒక పూర్వకథ చెప్పుకోవాలి. చిన్నపిల్లల బడికి తోట అనే పేరు పెట్టినవాడు జర్మను విద్యావేత్త ఫ్రోబెలు. 1840లో ఆయన పెట్టిన కిండర్‌గార్టెన్ అనే మాటకు పిల్లల తోట అనే అర్థం. ఫ్రోబెలు ఆ మాటను అలంకారంగా మాత్రమే వాడలేదు. ప్రతి బిడ్డకు తనదైన ఒక చిన్న మడి ఉండాలని, వాటి చుట్టూ అందరికీ చెందిన తోట ఉండాలని ఏర్పాటు చేసినాడు. పేరు ప్రపంచమంతా వ్యాపించింది. మన ఊళ్ళలో వీధి వీధికీ ఆ పేరు బోర్డులమీద కనబడుతుంది. తోట మాత్రం ఎక్కడో దారిలో జారిపోయింది. గెడ్డీసు చేసిన పని ఒక్కమాటలో చెప్పాలంటే, జారిపోయిన ఆ తోటను వెదకి తెచ్చి నగరం నడిబొడ్డున మళ్ళీ నాటడమే.

ఆ పనికి పెద్ద అవకాశం 1903లో వచ్చింది. అమెరికా ఉక్కు వ్యాపారంలో కోట్లు గడించిన ఆండ్రూ కార్నెగీ డన్‌ఫర్మ్‌లిన్ అనే స్కాటిష్ పట్టణంలో ఒక పేద నేతగాని కొడుకు. ఆ పట్టణంలో పిట్టెన్‌క్రీఫ్ అనే భూస్వామి తోట ఉండేది. భూస్వామికీ కార్నెగీ మాతామహుని కుటుంబానికీ గల వైరంవల్ల ఆ ఇంటి పిల్లలకు తోటలో ప్రవేశం లేదు. ఊరిపిల్లలు లోపలికి పోయే రోజునకూడా ఆ పసివాడు గేటు బయటనే నిలబడవలసివచ్చేది. అరువదేండ్లు దాటిన తరువాత ఆ మనిషి ఆ తోటనంతా కొని, ఊరిజనానికి ధారపోసి, దాని అభివృద్ధికి అయిదు లక్షల పౌనుల నిధి ఏర్పరచినాడు. పసితనంలో మూసిన ఒక గేటు మనిషి మనసులో ఎంతకాలం మూతపడే ఉంటుందో దీనివల్ల తెలుస్తుంది.

ఆ తోటను ఎట్లా తీర్చాలో చెప్పవలసిందిగా ధర్మకర్తలు గెడ్డీసును అడిగినారు. నడవడానికి నాలుగు బాటలు, కూర్చొనడానికి బల్లలు, పూలమళ్ళు గీసి ఇస్తాడని వారు అనుకొని ఉంటారు. 1904లో ఆయన ఇచ్చినది రెండువందల పుటలు మించిన సచిత్ర గ్రంథం. అందులో ముందుగా మురికిపడిన వాగును శుభ్రం చేయాలన్నాడు. భూమి పొరల చరిత్రను నడుస్తూ చదువుకొనేటట్లు రాళ్ళతోట కట్టాలన్నాడు. మొక్కల పరిణామం కనబడేటట్లు వృక్షవాటిక, ప్రకృతి మందిరం, చరిత్ర మందిరం, చేతిపనులవారి వాడ, ఆరుబయట రంగస్థలం, వీటన్నిటినీ ఒక ఉద్యానవనంలో కూర్చినాడు. ఉద్యానవనం ఊపిరి పీల్చుకొనే చోటు మాత్రమే కాదు, ఊరంతటికీ విశ్వవిద్యాలయం అన్నది ఆయన ప్రతిపాదన. ధర్మకర్తలు భయపడినారు. ఖర్చు చూసి కొందరు, ఆలోచన చూసి కొందరు. ప్రణాళికను ప్రక్కన పెట్టినారు. గెడ్డీసు ఆ పుస్తకం తానే అచ్చువేయించుకొన్నాడు.

ఈ అపజయంలోనుంచే ఆయన దృష్టి చిన్న స్థలాలవైపు మళ్ళింది. సాధారణమైన పార్కులనుగురించి ఆయనకు ఒక ఫిర్యాదు ఉండేది. అవి జమీందారు దివాణం తోటలను చూసి కట్టినవని, అక్కడ పిల్లవాడు గడ్డి తొక్కకుండా, పువ్వు కోయకుండా, కావలివానికి భయపడుతూ నడవాలని ఆయన ఆక్షేపించినాడు. పిల్లలకు కావలసినది గుంటలు త్రవ్వడం, గుడిసె కట్టడం, కాలువకు ఆనకట్ట వేయడం. అది చేయనీయక, చేసినవాణ్ణి పోకిరీ అని ముద్రవేస్తే తప్పు పిల్లవానిది కాదు, తోటదే అని ఆయన వాదం.

1909 ప్రాంతంలో దర్శనగోపురం తరఫున ఒక సంఘం ఎడింబరో పాతబస్తీలో పాడుపడిన స్థలాలన్నిటినీ లెక్కవేసింది. కూలిన ఇండ్ల దిబ్బలు, గోడల మూలలు, చెత్తకుప్పలు కలిసి డెబ్బైకి పైగా తేలినవి. అన్నీ కలిపితే పది ఎకరాలు. ఒక్కచోట పది ఎకరాల పార్కు దూరాన ఉంటే పసిబిడ్డ నడిచి పోలేడు. అదే పది ఎకరాలు డెబ్బై చోట్ల ఉంటే ప్రతి బిడ్డకూ ఇంటిగుమ్మం ఎదుటనే తోట. ఈ లెక్క గెడ్డీసు మేధస్సుకు తార్కాణం. కుమార్తె నోరా ఆ స్థలాలలో కొన్నిటిని తోటలుగా తీర్చే భారం వహించింది. వాడలోని పిల్లలే రాళ్ళు ఏరినారు, మళ్ళు కట్టినారు, నీళ్ళు పోసినారు. ఆనాటి తోటలలో ఒకటి, కోటక్రింద జాన్‌స్టన్ టెరేసులో ఉన్నది, నేటికీ పచ్చగా ఉన్నది. అదే నగరంలో కానన్‌గేటు వాడలో 1906లో లైలీన్ హార్డీ అనే వనిత పేదబిడ్డలకోసం శిశూద్యానం అనే పేరుతో ఉచితపాఠశాల ప్రారంభించింది. ఫ్రోబెలు మాటలోని తోట అక్కడ మళ్ళీ నిజమైన తోట అయింది.

1914లో చెన్నపట్నం గవర్నరు పెంట్లండు ప్రభువు ఆహ్వానంమీద గెడ్డీసు భారతదేశానికి వచ్చినాడు. నాటి చెన్నరాజధానిలో మన ఆంధ్ర జిల్లాలుకూడా చేరి ఉన్నవని పాఠకులు ఎరుగుదురు. ఆయన ఏండ్ల తరబడి సేకరించిన పట్టణ ప్రదర్శన సామగ్రి అంతా మరియొక ఓడలో వస్తున్నది. చెన్నపట్నంమీద గుండ్లు కురిపించి మనవారిని భయపెట్టిన ఎమ్డెన్ అనే జర్మను యుద్ధనౌకే ఆ ఓడనుకూడా సముద్రంలో ముంచివేసింది. అరువదియేండ్లవాడు చేతులు ఖాళీగా రేవులో దిగినాడు. మిత్రులు ఇంగ్లండునుంచి హుటాహుటిన క్రొత్త సామగ్రి పోగుచేసి పంపగా, 1915 జనవరిలో చెన్నపట్నంలో ప్రదర్శన జరిగింది.

తరువాతి నాలుగైదేండ్లలో ఆయన మన దేశంలో యాభైకి దగ్గరగా పట్టణాలను గురించి నివేదికలు వ్రాసినాడు. నాటి ఇంజనీర్లు ఇరుకు పేటలను చూస్తే పగులగొట్టి తిన్నని రోడ్లు వేసేవారు. గెడ్డీసు తంజావూరువంటి చోట్ల కాలినడకన సందుసందూ తిరిగి, కూలిన ఇల్లు ఒకటి కనబడితే దానిని తీసి అక్కడ ఒక చెట్టు, ఒక అరుగు, పిల్లలకు కొంచెం జాగా ఏర్పాటు చేయమన్నాడు. వైద్యుడు కొద్దిపాటి శస్త్రచికిత్సతో ప్రాణం నిలిపినట్లు పట్టణానికి ప్రాణం నిలపాలన్నాడు. మన వాకిళ్ళలోని తులసికోటను చూసి ముచ్చటపడిన కొద్దిమంది దొరలలో ఆయన ఒకడు. ఆయన చూపులో అది మూఢాచారం కాదు. ఇంటింటా ఉన్న ఒక చిన్న తోట, ఆ తోటను ప్రతి ఉదయం శుభ్రంచేసే అలవాటు.

ఇండోరులో ఆయన చేసిన పని ఇంతకన్న చిత్రమైనది. నగరంలో ప్లేగు ఉన్నది, జనంలో భయం ఉన్నది. దీపావళి సమీపించింది. గెడ్డీసు ఒక ఊరేగింపు ఏర్పాటుచేసి, ఏ వీధులు ఎక్కువ శుభ్రంగా ఉంటే ఆ వీధులవెంట ఊరేగింపు పోతుందని చాటించినాడు. వీధులన్నీ పోటీపడి మెరిసినవి. ఊరేగింపులో పెద్ద ఎలుకబొమ్మ నడిచింది, రావణుడు నడిచినాడు, ధవళవస్త్రాలు ధరించి పూలదండలు వేసుకొన్న పాకీపనివారు గౌరవంగా నడిచినారు. వెనుక బండిలోనుంచి చిన్న చిన్న కుండీలలో తులసి మొక్కలు పంచిపెట్టినారు. పండుగను పాఠంగా, వీధిని బడిగా మార్చిన నేర్పు ఇది. ఆ నగరాన్ని గురించి ఆయన వ్రాసిన రెండు సంపుటాల నివేదిక 1918లో వెలువడింది.

ఈ కృషి నడుమనే ఆయనపై పిడుగు పడింది. 1917 ఏప్రిలులో పెద్దకొడుకు అలాస్డేరు ఫ్రాన్సు యుద్ధభూమిలో ఫిరంగిగుండు తగిలి మరణించినాడు. తోటలో తండ్రి చేయి పట్టుకొని నడిచిన బిడ్డ, తన పద్ధతికి సజీవ నిదర్శనమని ఆ తండ్రి మురిసిన బిడ్డ. వార్త చేరేసరికి భార్య అన్నా మన దేశంలోనే జ్వరంతో మంచాన ఉన్నది. ఆమెకు ఈ సంగతి చెప్పే ధైర్యం ఆయనకు లేకపోయింది. కొడుకు క్షేమంగా ఉన్నాడన్నట్లే ముఖం నిలుపుకొని ఆమె ప్రక్కన కూర్చున్నాడు. జూను నెలలో కలకత్తాలో ఆమె కన్నుమూసింది. కొడుకు పోయినాడని తెలియకుండానే పోయింది. రెండు దుఃఖాలను ఒక్కడే మోసినాడు. ఆ తరువాతకూడా ఆయన పట్టణాలు తిరిగినాడు, పిల్లలకు చెట్లు నాటించినాడు. తన బిడ్డ పోయినవాడు ఊరిబిడ్డలకోసం తోట వేయడం మానలేదు. ఆయన సిద్ధాంతాలలో లోపాలు వెదకేవారుకూడా ఇక్కడ తల వంచవలసినదే.

1919లో బొంబాయి విశ్వవిద్యాలయంలో సామాజికశాస్త్రాచార్యుడై 1924 వరకు పనిచేసినాడు. జగదీశచంద్ర బోసు జీవితచరిత్రను 1920లో ప్రకటించినాడు. చెట్లక్రింద పాఠాలు చెప్పించే రవీంద్రునితో ఆయనకు మైత్రి కుదరడం సహజమే. చిన్నకొడుకు ఆర్థరు రవీంద్రుని శ్రీనికేతనంలో పనిచేసినాడు. ఈ కాలంలోనే ఆయన హైదరాబాదు వచ్చినాడు. 1918లో నగరంలోని అద్దె భవనాలలో ప్రారంభమైన ఉస్మానియాకు శాశ్వతస్థలంగా నగరానికి వెలుపల, రాళ్ళూ చెట్లూ నిండిన విశాలమైన అడిక్‌మెట్ నిర్ణయమయింది. 1934లో అక్కడ భవనాలకు శంకుస్థాపన జరిగింది.

1924లో ఆరోగ్యం చెడి ఫ్రాన్సు దేశపు మాంపెలియే నగరానికి వెళ్ళి, అక్కడ రాతినేలలో ఒక విద్యాలయం, దాని చుట్టూ తోటలు నిర్మించినాడు. 1925లో టెల్ అవీవ్ నగరానికి ఆయన గీసిన ప్రణాళికలో ఇండ్ల చతురస్రాల నడుమ చిన్న తోటలు విధిగా ఉన్నవి. మునుపు వద్దన్న సర్ బిరుదును 1932లో స్వీకరించి, ఆ ఏడే ఏప్రిలు 17న మాంపెలియేలో మరణించినాడు.

ఆయనలో లోపాలు లేకపోలేదు. మొదలుపెట్టిన పనులు అనేకం ముగించలేదు. వ్రాత చిక్కుగా ఉండేది, లెక్కాపద్దూ తెలియదు, అప్పులు ఆయనను విడువలేదు. ఆయన నివేదికలు పెక్కు అలమరలలోనే ఉండిపోయినవి. అయినా ఆయన వేసిన ప్రశ్న అలమరలో ఉండలేదు. నగరం పెద్దవారి వ్యాపారంకోసమేనా, అందులో పెరిగే బిడ్డకోసంకూడానా?

ఆ ప్రశ్నను ఏ.ఎస్. రావు నగరులో నిలిపి చూద్దాం. అక్కడినుంచి కాప్రా చెరువు దూరం కాదు, మౌలాలి గుట్ట దూరం కాదు. ఆ గుట్ట రాయి వయస్సు సుమారు రెండువందల యాభైకోట్ల సంవత్సరాలు. రాయి అరిగి మన్ను కావడం, వాననీరు పల్లానికి పారి చెరువు కావడం, చెరువు చెంత కొంగ వాలడం, ఇవన్నీ నాలుగేండ్ల బిడ్డకు కంటితో చూపించవచ్చు. కిన్నూల్ కొండమీద గెడ్డీసు చూసినది మనకూ ఉన్నది. చూపించే చేయి కావాలి. మన కాలనీ పార్కులలో పెద్దలు నడవడానికి బాట ఉన్నది, వ్యాయామానికి ఇనుపసామాను ఉన్నది, పిల్లలకు ఊయల, జారుడుబల్ల ఉన్నవి. అవి ఉండవలసినవే. కాని ఊయల ఊగిన బిడ్డ ఊయలనే ఎరుగును, దాని ప్రక్కన నీడనిచ్చే గానుగచెట్టును ఎరుగడు.

దీనికి కోట్లు అక్కరలేదు. పార్కులో ఒక మూల నాలుగు మళ్ళు పిల్లలకు వదలిపెట్టాలి. అక్కడ వారు మన్ను పిసకవచ్చు, గుంట త్రవ్వవచ్చు, మెంతులు చల్లి మూడవనాడు మొలక చూడవచ్చు. చెట్లకు తెలుగులో పేర్లు కట్టాలి. అంగన్‌వాడీ పిల్లలు, చిన్నబడుల పిల్లలు వారానికి ఒకటి రెండు ఉదయాలు అక్కడికి వచ్చి రాలిన ఆకులు ఏరి, పెద్దవి చిన్నవి వేరుచేసి, లెక్కపెడితే అదే గణితం. కాకి గూడు కట్టడం రోజూ చూసి వచ్చి చెబితే అదే భాష. ఉద్యోగవిరమణ చేసినవారు ప్రతి కాలనీలోను ఉన్నారు. సాయంకాలం బల్లమీద కూర్చొనే ఆ తాతలలో ఒకరు మనుమల ఈడు పిల్లలను చేరదీసి విత్తనం నాటించడం నేర్పితే, వారికి కాలక్షేపం, వీరికి విద్య. భద్రతకోసం కంచె ఉండవలసిందే. గేటుకు తాళం వేసే వేళలు మాత్రం పిల్లల వేళలను చూసి నిర్ణయించాలి.

మొక్కలు పాడవుతవి గదా అని కొందరు అంటారు. కొన్ని పాడవుతవి. తాను నాటిన మొక్కను తానే పెరికి చూసి, అది వాడిపోతే ఏడ్చిన పిల్లవాడు రెండవ మొక్కను పెరకడు. ఆ పాఠం ఏ పుస్తకమూ చెప్పలేదు. ప్రవేశంలేని ఒక పసివాడు గేటు బయట నిలబడి చూసిన తోటను కొనడానికి కార్నెగీకి ఒక జీవితం పట్టింది. మన పిల్లలందరూ కార్నెగీలు కారు. వారికి గేటు ఇప్పుడే తెరవవలసి ఉన్నది.